ఎదిగే పిల్లలతో కుటుంబ కథాచిత్రం చూడడం

తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ నా దగ్గరకు రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి, పిల్లవాడికి తెలుగు సరిగా రావడం లేదని. రెండవది, తొమ్మిదవ తరగతికి వచ్చినప్పటి నుండి ఇంట్లో నోరు విప్పడం లేదని. మొదటిదానికి తెలుగు ఉపాధ్యాయునిగా నేను జవాబు చెప్పాలి. రెండవదానితో నాకు సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. అందుచేత రెండింటికీ నేను చెప్పే మందు కూడా ఒకటే. నెలకొక ఆదివారం పిల్లలతో కలిసి కూర్చుని ఒక మంచి తెలుగు కుటుంబ కథాచిత్రం చూడండి. ఎలా చూడాలో కొంత వివరంగానే చెప్పవలసి ఉంది. తప్పుగా చూడడం కంటె చూడకపోవడమే మేలు.

ముందు మా బళ్ళారి సంగతి చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. హద్దు మారింది గాని ఇండ్లలో భాష మారలేదు. ఇక్కడ ఎస్.ఎస్.ఎల్.సి.లో తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలు నేటికీ ఉంది. 2015 నాటి చట్టం వలన కన్నడం మొదటి భాషగానో రెండవ భాషగానో తప్పనిసరి అయింది. అది సబబే. ఉన్న నేల భాష రాకపోతే ఎలా? అయితే దీని ఫలితంగా మా పిల్లలకు వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు, వంటింట్లో తెలుగు అన్న పంపకం జరిగిపోయింది.

వంటింటి తెలుగు తీయనిదే, కాని చిన్నది. ఆకలి అవుతోందని చెప్పడానికి, డబ్బులు అడగడానికి, అవ్వతో పేచీ పెట్టుకోవడానికి అది చాలు. పదిహేనేళ్ళ వయసులో మనసులో పుట్టే మాటలకు చాలదు. తండ్రి మాటను కాదనడం ఎలా? గౌరవం తగ్గకుండా కోపం చెప్పుకోవడం ఎలా? ఆ వాక్యాలు వాడికి తెలుగులో అందవు. ఇంగ్లీషులో అంటే పొగరు అంటాము. కన్నడం వాడికి స్నేహితుల భాష, ఇంట్లో రాదు. కనుక ఊరకుంటాడు. మనం దానిని మొండితనం అనుకుంటాము.

ఆ వాక్యాలు వినబడే చోటు కుటుంబ చిత్రం. టీవీ ధారావాహికలను నేను ఇందులో చేర్చను. ఏండ్ల తరబడి సాగే అత్తాకోడళ్ళ కుట్రలలో మనుషులు పగబట్టడమే గాని మాట్లాడుకోవడం తక్కువ. సినిమా అయితే మూడు గంటలలో ఒక కుటుంబం కట్టు తెగి, మళ్ళీ ముడిపడుతుంది. సెన్సారు ధ్రువపత్రం తప్పక చూడండి. 2024 నుండి యుఎ తరగతిని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు, అది ఉపయోగకరమే. కాని ఆ అంకె హింస, అశ్లీలాల సంగతి చెబుతుంది. మీ ఇంట్లోని గాయాన్ని ఏ దృశ్యం తాకుతుందో చెప్పదు. అందువల్ల పెద్దలు ముందుగా ఒకసారి చూసి ఉండడం మంచిది.

నాటకంలో ఇంటి గొడవను చూసుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ న్యాయవాదిగా ఉండే నాటకాలు వ్రాశారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946), ఆయనా న్యాయవాదే, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి వారిని రంగస్థలం మీదికి తెచ్చారు. ఆయన ప్రదర్శించిన ఒక సాంఘిక నాటకం పేరు ‘తప్పెవరిది’. సినిమా ముగిశాక ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న కూడా అదే. వకీలు అయిన రాఘవ అడగవచ్చు. మీరు మాత్రం పిల్లలను ఆ ప్రశ్న అడగకండి. ఇల్లు కోర్టు అయిపోతుంది, మళ్ళీ వాడు నోరు మూసుకుంటాడు.

మొదటి చిత్రంగా నేను సాధారణంగా ‘బొమ్మరిల్లు’ చెబుతాను. 2006లో వచ్చింది, దర్శకుడు భాస్కర్. సముద్రతీరంలో తండ్రి చేయి పట్టుకుని పసివాడు నడక నేర్చుకోవడంతో మొదలవుతుంది. కొడుకు పెద్దవాడైనా తండ్రి ఆ చేయి వదలడు. ప్రకాశ్ రాజ్ పోషించిన ఆ తండ్రి దుర్మార్గుడు కాడు, ప్రేమతోనే అన్నీ తానే ఎంచి పెడతాడు. ఈ చిత్రంలోని అందం అదే. తండ్రి దుష్టుడైతే మనం ఎవరమూ ఆయనలో మనల్ని చూసుకోము. చివర సిద్ధార్థ్ తండ్రితో మాట్లాడే ఘట్టం కోసమే నేను ఈ చిత్రాన్ని సూచిస్తున్నాను. లోపలి కోపమంతా బయటకు వస్తుంది గాని, ‘నాన్నా’ అన్న పిలుపూ ‘మీరు’ అన్న మన్ననా ఎక్కడా జారిపోవు. అటువంటి తెలుగును పాఠ్యపుస్తకంలో నేను పిల్లలకు చూపలేను.

చూసేటప్పుడు మధ్యలో ఆపి వ్యాఖ్యానం చేయకండి. ‘చూశావా, చూసి నేర్చుకో’ అన్న ఒక్క మాటతో మూడు గంటలూ వృథా. ఉగ్గాని, బజ్జీలు ముందే చేసి పెట్టుకుంటే తల్లి కూడా మొదటి నుండి కూర్చుంటుంది. ఇది చిన్న విషయం కాదు. ముగిసిన వెంటనే ఏమీ అడగవద్దు. ఒకటి రెండు రోజులు పోనిచ్చి, కథానాయకుని గురించి కాక, పక్కనున్న వారి గురించి అడగండి. ఇష్టం లేని నిశ్చితార్థానికి తలవంచిన ఆ అబ్బాయి వలన, ఏ పాపమూ ఎరుగని ఆ పెళ్ళికూతురికి జరిగిన అన్యాయం మాటేమిటి? జయసుధ వేసిన తల్లి ఏమి చేసి ఉండవలసింది? తన గురించి చెప్పుకోలేని పిల్లవాడు పక్క పాత్ర గురించి ధారాళంగా చెబుతాడు.

ఇంట్లో అవ్వ ఉంటే ‘గుండమ్మ కథ’ (1962) మరచిపోకండి. ఇది 1958లో విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ ఆధారంగా వచ్చినది కనుక మా వంటి రెండు భాషల ఇండ్లకు చుట్టం వంటిది. వియ్యంకుడు అంటే తెలియని పిల్లవాడికి ‘బీగరు’ అంటే వెంటనే తెలుస్తుంది. ‘అలక’ అన్న మాటకు ఇంగ్లీషు చెప్పమని అడిగి చూడండి, గంటసేపు కాలక్షేపం. మా తరగతిలో ఒక అమ్మాయి, జమున పాత్రకు పని చేయించి బుద్ధి చెప్పడం ఏమి న్యాయమని వాళ్ళ అవ్వతో వాదానికి దిగిందట. మాట దొరకని చోట కన్నడంలో అంటే అవ్వ తెలుగు మాట అందించిందట, తాను మాత్రం ఒప్పుకోకుండానే.

అన్ని ఇండ్లలో ఇంత సాఫీగా జరగదు. జీన్స్ కుట్టించే చిన్న యూనిట్ నడిపే ఒక తండ్రి, పదవ తరగతి చదివే కొడుకుతో ‘బొమ్మరిల్లు’ చూశాడు. పి.యు.సి.లో సైన్సు అని ఆయన ఏనాడో నిశ్చయించాడు. కొడుక్కి కామర్సు మీద మనసు. సినిమా కాగానే తండ్రి ‘ఆ నాయన చేసిన తప్పేముంది? అంతా కొడుకు కోసమే కదా’ అన్నాడట. పిల్లవాడు లేచి మిద్దె మీదికి వెళ్ళిపోయాడు. ‘సార్, మీ మందు పని చేయలేదు’ అని ఆయన నాతో అన్నాడు. ఇంకేమీ అనకుండా, ఆ సినిమాలోని తల్లి గురించి మాత్రం అడగమని చెప్పాను.

అడిగాడు. ఆ తల్లి అన్నీ చూస్తూ ఊరకుండిపోయిందని కొడుకు కావలసినంత చెప్పాడు. లోపల రొట్టెలు చేస్తున్న వాళ్ళమ్మ బయటకు వచ్చి, ‘నేనూ అంతేనా?’ అని అడిగిందట. ఎవరూ జవాబు చెప్పలేదు.

వారం తరువాత ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, నాయనకు తెలుగులో ఉత్తరం వ్రాయాలి, ‘నీవు’ అని వ్రాయాలా ‘మీరు’ అని వ్రాయాలా అని అడిగాడు. మా వైపు ఇండ్లలో నాయనను నువ్వు అనే అంటారు, అందులో అమర్యాద లేదు. నోటితో ఎలా పిలుస్తావో అలాగే వ్రాయమన్నాను. ఒకటిన్నర పుట వ్రాశాడు. ల, ళ తేడాలు, కొన్ని వత్తులు దిద్దాను, మాటలు ముట్టుకోలేదు.

ఆ తండ్రి చదువుకున్నది కన్నడ మాధ్యమంలో. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. కనుక ఆ ఉత్తరాన్ని కొడుకే ఎదుట కూర్చుని చదివి వినిపించవలసి వచ్చింది. పరీక్షా ఫలితాలు ఇంకా రాలేదు. సైన్సా, కామర్సా అన్నది ఇంకా తేలలేదు.