లాడ్ బజారులో అరచీర దూరము

చార్మినారును జూడని తెలుగు కుటుంబము లుండవచ్చును గాని, చూడబోయి దాని యెదుట ఫొటో తీయించుకొనక మరలివచ్చిన కుటుంబ మరుదు. మా యమ్మకును ఆ కోరిక చాలకాలముగా నుండెను. కొన్ని యేండ్ల క్రిందట ఆమె తెనాలినుండి వచ్చినపుడు, మా మామగారి నాటి చిన్న కెమెరాను చేతబట్టుకొని నేనే యామెను పాతబస్తీకి దీసికొనిపోయితిని. లాడ్ బజారు మొదట నొక గాజుల దుకాణపు మెట్టుపై గూర్చుండి, లక్కగాజులు తొడిగించుకొని, రెండు చేతులును జాచి నన్ను జూచి నవ్వినది. నేను మీట నొక్కితిని.

ఫిల్ము కడిగించి చూడగా, వెనుకనున్న చార్మినారు గచ్చుపూవులతో సహా స్పష్టముగా వచ్చెను. అమ్మ ముఖము మాత్రము నీటి యడుగున నున్నట్లు చెదరిపోయెను. మఱల దీయవచ్చును గదా యనుకొంటిని. ఆ సంవత్సరము తిరుగకమునుపే యామె మమ్ము విడిచిపోయెను. ఆ నవ్వునకు వేఱొక ఫొటో లేదు.

తప్పు యంత్రముది కాదు, నాదే. అది రోలీ 35 అను కెమెరా. హైన్జ్ వాస్కె యను జర్మను నిపుణుడు రూపొందింపగా 1966 లో వెలువడినది. గుప్పిటిలో నిముడునంత చిన్నది. ఇప్పటి ఫోనులవలె దూరమును తానే కనిపెట్టుకొనదు. లెన్సుచుట్టు నున్న కట్టుపై మీటర్ల యంకెలుండును. ఎదుటి మనిషి యెంత దూరమున నున్నదో మనమే యంచనా వేసి కట్టును ద్రిప్పవలెను. చూచెడి కిటికీ వేఱు, బొమ్మ పట్టెడి లెన్సు వేఱు. అందుచేత మనము దూరము తప్పినను కిటికీలో సర్వమును తేటగానే కనబడును. ఆనాడు కట్టు పడుకొన్న యెనిమిదివంటి గుర్తుపై, అనగా అనంత దూరముపై, నిలిచియున్నది. నేను దానిని ద్రిప్ప మఱచితిని.

పిమ్మట నాకా కెమెరా ముట్టుటకు మనసు రాలేదు. గత శీతకాలమున మా అత్తగారు, "అమ్మాయీ, నేనును ఆ గాజులు తొడిగించుకొనవలెను. కెమెరా తెమ్ము" అనిరి. ఇరువురమును ప్రొద్దుటనే బయలుదేరితిమి.

1591 లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు ఒక్కొక్క ప్రక్క యిరువది మీటర్ల చదరపు కట్టడము. దానికి పడమట నున్న వీథియే లాడ్ బజారు. ఉదయపుటెండ చార్మినారు వెనుకనుండి యేటవాలుగా వచ్చి పైయంతస్తులను దాకును గాని, దుకాణముల లోపల నీడ వీడదు. నిప్పులపై మెత్తబఱచిన లక్కను వలయముగా చుట్టి, వేడి యాఱకమునుపే యద్దపు రాళ్లను వరుసగా నొత్తుదురు. ఈ హైదరాబాదు లక్కగాజులకు 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పోవుచు నత్తగారికి రాజా దీన్ దయాళ్ సంగతి చెప్పితిని. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖానుని ఆస్థాన ఛాయాచిత్రకారుడైన యాయన, ఘోషా స్త్రీలకొఱకు 1892 లో ఈ నగరమున జనానా స్టూడియో నెలకొల్పెను. అందు ఫొటోలు తీయుపని యొక యాంగ్ల వనిత చూచుచుండెను. అత్తగారు విని, "అప్పుడు గోడలు కట్టి తీసిరి. ఇప్పుడు కెమెరా నీ చేతనే యున్నది. ఇంక భయమెందుకు?" అనిరి.

దుకాణపు మెట్టుపై నామె కూర్చుండగా నా చేతులు వణకినవి. "అత్తగారూ, మీకును నాకును ఎన్ని మీటర్లుండునో తెలియుట లేదు" అంటిని. ఆమె నవ్వి, "మీటర్ల మాట నాకు తెలియదు. చీర పఱచి చూచుకో. మన మధ్య అరచీర పట్టును" అనిరి.

ఆ మాట నాకు కన్ను తెఱపించినది. చీర యారు గజములు, అనగా అయిదున్నర మీటర్లు. దానిలో సగము మూడు మీటర్లకు కొంచెము తక్కువ. ఏండ్లతరబడి చీరలు మడచిన చేతులకు ఆ కొలత కంఠస్థమే. చేతులు బారజాచిన నా కొలత మీటరున్నర. ఇంతటి కొలబద్దలను దగ్గఱ నుంచుకొని నేను అంకెలకు భయపడితిని!

ఎండలో లెన్సు ద్వారమును ఎనిమిదవ యంకెకు తగ్గించి, కట్టును మూడు మీటర్లపై నుంచినచో, సుమారు రెండు మీటర్లనుండి అయిదున్నర మీటర్లవఱకు తేటగా వచ్చును. కొలత కొంచెము తప్పినను దోషము కనబడదు. అట్లు మొదటి బొమ్మ తీసితిని. గాజుల చేతుల కొఱకు దగ్గఱకు జరిగి, నీడ యగుటచే ద్వారమును పూర్తిగా దెఱచితిని. అప్పుడు బారెడు దూరమున జానెడుకు కొంచెము మించిన మేర మాత్రమే తేటపడును. అందుచేత ఒక చేయి నామెవైపును, రెండవ చేయి వెనుకకును జాచి, బారను సరిచూచుకొని, కట్టును మీటరున్నరపై నుంచి తీసితిని. దుకాణములోని యితర స్త్రీలు బొమ్మలో పడకుండ జూచుకొంటిని. అడుగక తీయుట మర్యాద కాదు.

ఫిల్ము వచ్చినది. అత్తగారి ముంజేతి ముడుతలును, గాజులలోని యద్దపు రాళ్లును లెక్కింపవచ్చును. ఆమె ఆ ఫొటోను చాలసేపు చూచి, "మీ యమ్మ బొమ్మను దీని ప్రక్కనే యంటింపుము. చెదరినను ఆ నవ్వు ఆమెదే" అనిరి. అట్లే చేసితిని.

సోదరీమణులారా! ఇంటనున్న పెద్దల ఫొటో తీయునపుడు ఒక్క క్షణమాగి, మీకును వారికిని నడుమ నెంత చీర పట్టునో కంటితో కొలువుడు. కట్టడము రేపును అచ్చటనే యుండును.