పదికి ఎన్నేద్దాం?

ఫాల్గుణంలో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోయే దారి చూసి తీరాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు దాటి సోన్ దగ్గర గోదావరి మీదుగా నిర్మల్ చేరాం. మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే అడవి నిండా మోదుగలు విరగబూసి ఉన్నాయి. కారు వెనక సీట్లో, దుప్పటి చుట్టిన పెట్టెలో పాత 78 ఆర్‌పీఎం రికార్డులు. వాటి యజమాని రిటైరైన లెక్కల సారు. ఆ రికార్డుల తయారీలో వాడింది లక్క అనీ, లక్క పురుగులు మోదుగ కొమ్మల మీద కూడా బతుకుతాయనీ ఘాట్ మలుపుల్లో ఆయనే చెప్పాడు. లక్క పెళుసు. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పెట్టె మీదికి పోయేది.

ఆదిలాబాద్‌లో మిత్రుడి ఇంటి మేడగదిలో చేరాం. మా పద్ధతి చాలా కాలంగా ఒకటే. ఒక సినిమా పాటలన్నీ వరసపెట్టి వినాలి. ఫోను ముట్టొద్దు, వెంట పాడొద్దు. అయిపోయాక ఎవరి చీటీ మీద వాళ్లు పదికి మార్కులేసి కారణం చెప్పాలి. కారణం లేని మార్కు చెల్లదు. ఇష్టమైన పాట ఒక్కటే ఏరుకుని వినే అలవాటు ముదిరిపోయిన ఈ రోజుల్లో, మార్కుల పేరుతోనైనా ఒక సంగీత దర్శకుడి పని మొత్తం చెవిన పడుతుంది.

ముందు 1962 నాటి ‘గులేబకావళి కథ’. కరీంనగర్ వాళ్లకు ఇది సొంతింటి వ్యవహారం. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్ల, కరీంనగర్ బడుల్లో ఉర్దూ మీడియంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి సినిమా పాటకు కలం పట్టింది దీనితోనే. సంగీతం జోసెఫ్, విజయా కృష్ణమూర్తిలది. ఘంటసాల, సుశీల యుగళగీతం అందరికీ కంఠతా వచ్చు. కంఠతా వచ్చిన పాటను మనం వినడం మానేస్తాం. ఆ రోజు మాత్రం చెవులప్పగించి విన్నాం. ఆయన ఒక మాట అడిగితే ఆమె అదే కొలతలో జవాబిస్తుంది. ఉర్దూ షేర్‌లో రెండు పాదాలు కలిసే తీరు చెవిలో నాటుకున్నవాడే ఇలా రాయగలడని సారు వాదన. నాకూ అదే నిజమనిపించింది. ఆయన తొమ్మిది వేశాడు. ఇంటాయన ఏడు దగ్గర ఆగిపోయాడు.

“మన జిల్లాయనని మార్కులు కలుపుతున్నవ్ సారూ!”

“గట్లయితే మల్లొకసారి పెట్టు, విను.”

మళ్లీ పెట్టారు. ఏడు ఏడున్నర అయింది.

తర్వాత ‘మేఘసందేశం’ ఎల్పీ. 1982 సినిమా. రమేశ్ నాయుడికి, ఏసుదాసుకు, సుశీలకు జాతీయ అవార్డులు తెచ్చింది. అవార్డుల కంటే నన్ను ఆపేది వేరొకటి. జయదేవుడి అష్టపది, కృష్ణశాస్త్రి భావగీతం, వేటూరి పాట ఒకే చోట ఉంటాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సంస్కృతం పక్కన నిన్నటి తెలుగు ఎబ్బెట్టుగా లేకుండా కూర్చోవాలంటే బాణీ కట్టేవాడికి ఎంత ఒద్దిక కావాలి! రమేశ్ నాయుడు మాట మీద వాయిద్యాలను పడనివ్వడు. కృష్ణశాస్త్రి 1980లోనే పోయారు; తన పాటలున్న సినిమాకు దక్కిన ఈ గౌరవాన్ని ఆయన చూడలేదు, అది నాకు ఎప్పుడూ బాధే. ఒకే మూడ్, నడక మరీ నెమ్మది అని ఒకాయన రెండు మార్కులు కోశాడు. విడిగా వింటే నాకూ అలాగే ఉండేది. వరసలో వింటే ఆ నెమ్మదే ఒక పాటను ఇంకో పాటకు అప్పగిస్తుంది. నేను పదికి పది వేశాను, ఇప్పటికీ తగ్గించను.

చీకటిపడ్డాక ఉట్నూరు వైపు నుంచి గోండు ఉపాధ్యాయుడొకాయన వచ్చాడు. గోండుల దీపావళి పండుగ దండారిలో తాను తీసిన రికార్డింగు ఫోన్లో వినిపించాడు. పెప్రె అనే ఊదే వాద్యం సన్నగా, పదునుగా లేచింది; కింద డప్పులు, కాళ్ల గజ్జెలు. దండారిలో ఆడే గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చిన మర్లవాయి కనకరాజు గురించి, ఆయన నేర్పిన పిల్లల గురించి చెప్పుకొచ్చాడు. అలవాటుగా సారు చీటీలు పంచబోయాడు.

“దీనికి మార్కులెందుకు సార్? కూసోని వినేది కాదిది. గుస్సాడీల వెంట ఊరూరు తిరగాలె.”

చీటీలు పెట్టెలోకి పోయాయి. కానీ దండారి నడకకు, మనం సినిమాల్లో విన్న డప్పు దరువుకు తేడా ఎక్కడుందని వాదన మొదలైంది. అది తేలలేదు. దీపావళికి ఉట్నూరు రమ్మన్నాడు. సారు అప్పుడే తేదీ రాసుకున్నాడు.