మూడు పెడళ్ళు, మూడు జతల పాదాలు

పాత కారు కొన్నవారికి దాని పూర్వచరిత్ర తెలియాలంటే కాగితాలకన్నా పెడళ్ళను చూడడం మేలు. రంగు వేయించవచ్చు, సీట్లకు కొత్త తొడుగులు కుట్టించవచ్చు, స్టీరింగుకు తోలు చుట్టించవచ్చు. పెడళ్ళ మీది రబ్బరును మార్చాలని మాత్రం అమ్మేవారికి సాధారణంగా తోచదు. నా దగ్గరున్న 1996 నాటి మజ్దా మియాటాలో బ్రేకు రబ్బరు కుడి అంచు అద్దంలా నునుపెక్కింది. ఎడమవైపు గాళ్ళు మాత్రం ఇంకా కొత్తవిలానే ఉన్నాయి. నాకు ముందు దీన్ని నడిపినవారెవరో బ్రేకును పాదం మొత్తంతో కాక దాని ఎడమ సగంతోనే నొక్కేవారన్నమాట. తక్కిన సగానికి వేరే పని ఉండేది. ఆ పనేమిటో తరువాత చెబుతాను.

క్లచ్చి రబ్బరు మరీ అన్యాయంగా, మధ్యలో గుంటపడేలా అరిగింది. గత వేసవిలో ఒక వానరోజున, ఇక్కడ వర్జీనియాలో, మా ఆవిడ సిగ్నలు దగ్గర మొదటి గేరులో క్లచ్చి తొక్కిపట్టి ఉండగా తడిసిన చెప్పు జారింది. కారు ఒక్క దూకు దూకి ఆగిపోయింది. ముందున్న బండికి మూరెడు దూరం మిగిలింది. ఇంటికి వచ్చి తాళాలు బల్లమీద పెట్టి, "ఏమండీ, ఆ రబ్బర్లు మార్చేదాకా నేను ఆ కారెక్కను" అంది. ఆవిడ అంతకుమించి ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

మియాటా 1989లో షికాగో ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. రెండే సీట్లు, మడిచే టాపు, టన్నుకు అటూ ఇటూ బరువు. నా కారు ఇంజను 133 గుర్రాల శక్తి కలది. ఈనాటి కుటుంబపు కార్లే అంతకన్నా బలమైనవి. అయినా దీని తయారీలో మజ్దా వారు ఒక జపనీయ మాటను మంత్రంలా పట్టుకున్నారు: జిన్‌బా ఇత్తై. గుర్రమూ రౌతూ ఒకే దేహమని అర్థం. ఆ పోలికను కాస్త పొడిగిస్తే పెడళ్ళే రికాబులు. కళ్ళేన్ని అందరూ పొగడుతారుగానీ రికాబు జారితే రౌతు గతి ఏమిటో ఎవరూ మాట్లాడరు.

రబ్బర్లు మార్చడమంటే పది నిమిషాల పని అనుకున్నాను. దుకాణాల జాబితాలు తిరగేయగానే అది ఒక ప్రపంచమని తెలిసింది. నిగనిగలాడే అల్యూమినియం పలకలు, వాటినిండా తూట్లు, తూట్ల మధ్య రబ్బరు బొడిపెలు. కొన్నిటికి బొడిపెలు కూడా లేవు, ఉత్త లోహం. యాక్సిలరేటరుకైతే కింద మడమవైపు ఒక రెక్కలాంటి పొడిగింపు ఉన్న పలకలు. చూసిన కొద్దీ మనసు లోహంవైపే లాగింది. దాచుకోవడమెందుకు, అలంకారం మీద మోజు నాకూ ఉన్నది.

కానీ ఆ రెక్క ఉత్త అలంకారం కాదు. అరిగిపోయిన ఆ కుడి అంచు కథ ఇక్కడే విప్పాలి. మలుపుకు ముందు వేగం తగ్గిస్తూ మూడో గేరునుంచి రెండో గేరుకు దిగుతున్నామనుకోండి. ఈ కారు గేర్ల నిష్పత్తులు 1.33, 1.89. అంటే మూడో గేరులో 3000 చుట్లు తిరుగుతున్న ఇంజను అదే వేగంలో రెండో గేరుకు రాగానే దాదాపు 4260 చుట్లు తిరగాలి. ఆ తేడాను ముందే పూడ్చకుండా క్లచ్చి వదిలితే వెనుక చక్రాలు ఇంజనును బలవంతంగా తిప్పుతాయి. తడి రోడ్డుమీద అవి పట్టు తప్పడానికి ఆ కుదుపు చాలు. అందుకని పాదపు ఎడమ భాగం బ్రేకును నొక్కుతుండగానే కుడి అంచునో మడమనో వాల్చి యాక్సిలరేటరును ఒక్కసారి తట్టాలి. ఇంజను గొంతు పెంచుతుంది, గేరు వెన్నలో కత్తిలా దిగుతుంది. సరిగ్గా కుదిరిన రోజున, హార్మోనియం మీద రెండు చేతులూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా నడిచినప్పుడు కలిగే తృప్తిలాంటిది కలుగుతుంది. ఇందుకు బ్రేకూ యాక్సిలరేటరూ దగ్గరగా ఉండాలి. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు రెండూ దాదాపు ఒకే ఎత్తుకు రావాలి. బ్రేకుమీద మందపు పలక వేసి యాక్సిలరేటరును అలాగే వదిలేస్తే ఆ ఎత్తు చెడుతుంది. రెక్క పనీ అంతే, మడమకు దూరాన్ని తగ్గించడం. పొట్టి చీలమండలవారికి అది వరమే.

నా పాదం పెద్దది, పదో నంబరు జోడు. మా ఆవిడది అయిదు. పోయిన నెలలో మా అమ్మాయికి పదిహేనున్నర నిండాయి. వర్జీనియాలో లెర్నర్స్ పర్మిట్ ఆ వయసుకే ఇస్తారు. తన స్నేహితురాళ్ళెవరికీ రాని క్లచ్చి విద్య తనకు రావాలని, అదీ ఈ కారుమీదే నేర్చుకుంటానని పట్టుపట్టింది. "నాన్నా, సిల్వర్‌వి పెట్టు, భలే ఉంటాయి" అని ఆ పిల్ల తన ఓటు కూడా వేసేసింది. నేను కొనబోయేవి ఒక్కరి కాలికోసం కాదని అప్పటికి బుర్రకెక్కింది.

బ్రేకుకూ యాక్సిలరేటరుకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాను. మూడు వేళ్ళ సందు. రెక్క ఉన్న పలక వేస్తే రెండు వేళ్ళే మిగులుతాయి. నాకు అది సుఖం. కంగారులో బ్రేకు వెతుక్కునే కొత్త కాలికి అదే ఉచ్చు.

ఇది పనికిమాలిన భయమేమీ కాదు. 1980లలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అమెరికాలో పెద్ద అలజడి రేగింది. 1989లో ఇక్కడి రహదారి భద్రతా సంస్థ తేల్చినదేమంటే, చాలావాటికి మూలం బ్రేకు అనుకొని యాక్సిలరేటరును తొక్కడమేనని. తొక్కుతున్నవారు మాత్రం తాము బ్రేకే తొక్కుతున్నామని చివరిదాకా నమ్మారు. కన్ను చూడలేని చోట పాదం చెప్పిందే సాక్ష్యం. ఆ తరువాత 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో, సరిపడని కాలిపట్టా కింద యాక్సిలరేటరు చిక్కుకొని నలుగురు మరణించారు. టొయోటా లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. చేసిన మరమ్మతుల్లో ఒకటి పెడలు అడుగుభాగాన్ని కోసి పొట్టి చేయడం. నేను డబ్బిచ్చి పొడిగిద్దామనుకుంటున్నది సరిగ్గా ఆ అడుగుభాగాన్నే.

బిగింపుల సంగతీ చెప్పాలి. కొన్ని పలకలు పంజాల్లాంటి కొక్కేలతో పాత పెడలును పట్టుకుంటాయి. వాటి మరలు అదురుకు వదులైతే పలక పక్కకు తిరుగుతుంది, అదీ బ్రేకు నొక్కిన క్షణంలోనే. కొన్నిటికి పెడలు ఇనుముకే రంధ్రాలు వేసి, వదులుకాని నట్లతో బిగించాలి. వేయవలసివస్తే నేను రెండోదానికే ఓటు వేస్తాను. తూట్లున్న లోహం ఎండలో ఎంత బాగున్నా, తడిసిన తోలు అడుగుకు నునుపైన అల్యూమినియాన్ని మించిన శత్రువు లేదు. మన లారీ డ్రైవర్లలో చాలామంది చెప్పులు సీటు కింద తోసి ఉత్తకాళ్ళతో ఎందుకు నడుపుతారో ఆలోచించండి. మన చర్మానికి మించిన బొడిపెల రబ్బరును ఇంకా ఎవరూ తయారు చేయలేదు.

చివరికి మూడు పెడళ్ళకూ పాత ఆకారపు రబ్బర్లే తెప్పించాను. ఒక్కొక్కటి పది డాలర్లకు కాస్త అటూ ఇటూ. వేడినీళ్ళలో నాలుగు నిమిషాలు నానబెడితే మెత్తబడి ఇనుప పలక అంచులమీదుగా సాగుతాయి. సబ్బు పూయవద్దు, లోపల మిగిలిన జిగురుకు తొడుగు తిరగవచ్చు. ఒక మూల ముందు ఎక్కించి, చదును మొనగల పలుచని కొయ్యముక్కతో తక్కిన మూడు మూలలనూ లాగాలి. బ్రేకుదానికి పావుగంట పట్టింది, బొటనవేలి గోరు కమిలింది. ఆ తరువాత ఇంజను ఆపి, యాక్సిలరేటరును అడుగంటా నొక్కి వదిలి చూశాను, పదిసార్లు. కాలిపట్టాకు తగలకుండా ప్రతిసారీ పూర్తిగా పైకి వచ్చింది. కాలిపట్టా కొక్కేన్నీ మార్చాను.

సమ్మిట్ పాయింట్ పందెపు బాటకు నేను ఏడాదికి రెండుసార్లు వెళ్తాను. అక్కడ ఆ రెక్క లేని లోటు తెలుస్తూనే ఉంది. మడమను కాక పాదపు కుడి అంచును వాల్చడం సాధన చేస్తున్నాను. మూడు వేళ్ళ సందును నా పదో నంబరు పాదం ఎలాగో కలుపుతున్నది. దానికోసం పలుచని అడుగున్న బూట్లు కొన్నాను. అవి చూసి మా ఆవిడ, రబ్బర్లు ముప్ఫై, బూట్లు తొంభై అని లెక్క చెప్పింది.

శనివారం ఉదయం ఖాళీ పార్కింగు స్థలంలో అమ్మాయికి తొలిపాఠం జరిగింది. ఇంజను పదకొండుసార్లు ఆగింది. పన్నెండోసారి చెప్పులు విప్పి వెనక్కి పెట్టి, వేళ్ళతో క్లచ్చిని తడుముకుంటూ మెల్లగా వదిలింది. కారు కదిలింది. "నాన్నా, ఇక్కడ పట్టుకుంటోంది, తెలుస్తోంది" అంది, రోడ్డుమీదినుంచి చూపు తిప్పకుండానే.