నాయన యెజ్డీ

మైసూరులో తయారైన నాయన యెజ్డీ బండి, ఆయన పోయినాక తొమ్మిదేండ్లు మా కోలారు ఇంటి కొట్టంలోనే ఉండిపోయింది. అమ్మ ఎవరికీ ఇవ్వనియ్యలేదు.

పోయిన నెల పాత పెట్రోలు దింపి, ట్యాంకు కడిగి, కార్బురేటర్ శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేసినాను. ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకలేదు. ఆఫీసులో తప్పులు పట్టేదే నా పని. ఇక్కడ మాత్రం దొరకలేదు.

టూల్ బాక్సులో నాయన చేతిరాత చీటీ ఒకటి కనిపించింది. నాది కన్నడ చదువు కదా, కూడబలుక్కొని చదివినాను: ‘కాయిల్ వైరు వదులవుతుంది, చూసుకో.’ ఎవరికి రాసినాడో! వైరు నిజంగానే వదులుగా ఉంది. బిగించి కొడితే, మూడో కిక్కుకు కొట్టమంతా పొగ.

అమ్మ పరుగున వచ్చింది. కొంగుతో సీటు తుడిచి వెనక కూర్చునింది.

“మీ నాయన మాదిరి తోలొద్దు, నిదానంగా పో” అనింది.