లేపాక్షిలో తలెత్తి చూస్తే

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్ళినవారు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, నంది పక్కన ఫోటో దిగి బస్సెక్కేస్తారు. తలెత్తి చూసేవారు తక్కువ. అచ్యుతదేవరాయల కాలంలో (1529–42) విరూపణ్ణ కట్టించిన ఈ గుడిలో అసలు సిరి మండపాల కప్పుమీద ఉంది మరి! అవన్నీ రంగుల బొమ్మలు.

మొన్న ఒక ఆదివారం అక్కడ డిజిటల్ కెమెరా శిక్షణకు పదిమందిమి చేరాం. బడిపిల్లలూ ఉన్నారు, పింఛనుదారులూ ఉన్నారు. నేర్పేవాడు ఫోటో స్టూడియో నడిపే కుర్రవాడు. మండపంలో మసక చీకటి. ఒక పెద్దాయన ఫ్లాష్ వెయ్యబోయాడు.

"వద్దు తాతా! ఆ మెరుపులో గీతలు కనపడవు. ఐ.ఎస్.ఓ. బాగా పెంచినా బొమ్మ ఇసక చల్లినట్టుంటుంది. చీకటికి కావలసింది ఓపిక."

కెమెరాను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. ఐ.ఎస్.ఓ. 100కు తగ్గించి, షట్టరు నాలుగు సెకన్లు తెరిచి ఉండేటట్టు అమర్చాడు. మీట నొక్కిన కుదుపు తగలకుండా టైమరు పెట్టాడు.

"చేతికి వణుకుంటుంది గాని, నేలకు వణుకేముంది సార్?" అన్నాడు నాతో.

తెరమీద చీరల అంచులూ, కనుబొమలూ తేటగా వచ్చాయి. వాటి పక్కనే గార ఊడి, బొమ్మ మాయమైన చోటూ వచ్చింది. అది చూసి అందరం మౌనమైపోయాం.

"ఉన్నంతవరకైనా తీసి దాచుకోవాలి సార్!"

విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడని అక్కడివారు కథ చెబుతారు. కళ్ళున్న మనం తలెత్తి ఒక్క నాలుగు సెకన్లు చూడలేమా?