పియానో లేని లోటు

జాజ్ గిటార్ అనగానే అందరూ వెస్ మాంట్‌గొమరీ, జో పాస్ పేర్లే చెబుతారు. న్యాయమే. కానీ ఎడ్ బికర్ట్ పేరు ఎవరూ ఎత్తరేమని నాకు ఎప్పుడూ బాధ. 1932లో కెనడాలోని మానిటోబాలో పుట్టి, టొరంటోలో స్థిరపడి, అక్కడి స్టూడియోల్లో, క్లబ్బుల్లో వాయిస్తూ బతికిన మనిషాయన. 2019లో పోయాడు.

1975 అక్టోబరులో టొరంటోలోని బోర్బన్ స్ట్రీట్ క్లబ్బులో శాక్సోఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ పక్కన వాయించాడు. ఆ కచేరీ రికార్డుగా వచ్చింది. బాస్ వాయించిన డాన్ థాంప్సనే రికార్డింగూ చేశాడు. డ్రమ్స్ జెర్రీ ఫుల్లర్. పియానో లేదు. ఆ బరువంతా గిటార్ మీదే.

డెస్మండ్ ఊపిరి తీసుకునే సందులో బికర్ట్ ఒక కార్డ్ మీటుతాడు. పై స్వరం నిలిచి ఉండగానే లోపలి స్వరం ఒక్కటి అరమెట్టు జరుగుతుంది, పాట రంగే మారిపోతుంది. మన కచేరీల్లో మంచి వయొలిన్ పక్కవాద్యం విన్నవాళ్లు ఈ మర్యాదను ఇట్టే పోల్చుకుంటారు. పైగా చేతిలో ఉన్నది జాజ్ వాళ్లకు అలవాటైన బోలు గిటార్ కాదు, కంట్రీ సంగీతంలో గణగణమనే ఫెండర్ టెలికాస్టర్. దాన్నుంచి అంత మెత్తటి నాదం ఎలా రాబట్టాడో!

స్టూడియోలో అయితే నచ్చకపోతే మళ్లీ వాయించవచ్చు. క్లబ్బులో ఆ వీలుండదు. పక్కవాడు ఎటు తిరిగితే అటు, ఆ క్షణంలోనే వెళ్లాలి. బికర్ట్ గొప్పతనం నాకు అక్కడే పూర్తిగా తెలిసింది. వినాలనుకునేవాళ్లు ఆ రికార్డులోని ‘వెండీ’తో మొదలుపెట్టండి. మొదటిసారి శాక్సోఫోన్‌ని వదిలేసి గిటార్‌నే వినండి.