పేలుడు పక్కన పుట్టిన నక్షత్రాలు

"ఆ ఏడు మిరప పోబట్టే నువ్వు ఇంజినీరింగ్‌లో పడ్డావురా" అని మా చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి నందిగామ చుట్టుపక్కల చాలా మిరప తోటలు పూత మీదే దెబ్బతిన్నాయి. మాదీ పోయింది. మరుసటేడు నాన్న పొలం కౌలుకిచ్చేసి, జగ్గయ్యపేటలో ఒక షాపులో గుమస్తాగా చేరారు. ఆ దెబ్బే నన్ను చదువు వైపు తోసిందని అందరి లెక్క. నాన్న మాత్రం ఏమీ అనరు.

ఆకాశంలోనూ ఇలాంటి లెక్క ఒకటుంది. కళ్లాల్లో మిరపకాయలు ఎండే ఫిబ్రవరిలో, రాత్రి తొమ్మిదింటికి మిథునరాశి మనకి దాదాపు నడినెత్తిన ఉంటుంది. అందులో, సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఐసీ 443 అనే సూపర్‌నోవా అవశేషం ఉంది. ఒక పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిందన్నమాట. ఫోటోల్లో జెల్లీఫిష్‌లా ఉంటుంది కాబట్టి దాన్ని జెల్లీఫిష్ నెబ్యులా అని కూడా అంటారు.

ఆ పేలుడు అల వెళ్లి పక్కనే ఉన్న గ్యాస్ మేఘాల్ని గుద్దుకుంది. ఆ మేఘాల్లో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్ అణువులే. అలాంటి మేఘాల లోపల దాదాపు మైనస్ 260 డిగ్రీల చలి. అంత చలిలో హైడ్రోజన్ సిగ్నల్ దాదాపు ఇవ్వదు. అందుకే దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ పంపే 2.6 మిల్లీమీటర్ల రేడియో తరంగాల్ని పట్టుకుని, మేఘం ఎక్కడుందో, ఎంత ఉందో లెక్కేస్తారు. నక్షత్రాలు పుట్టేది ఇలాంటి మేఘాల్లోనే.

ఐసీ 443 చుట్టూ పసి నక్షత్రాలు కనపడ్డాయి. పేలుడు గ్యాస్‌ని నొక్కింది, ఆ ఒత్తిడికి నక్షత్రాలు పుట్టాయి అనుకోవడం తేలికే. కానీ మన సీఎస్ఈ వాళ్లం ముందు టైమ్‌స్టాంప్ చూస్తాం కదా! ఈ అవశేషం వయసు 3 వేల ఏళ్లని కొందరు, 30 వేల ఏళ్లని కొందరు అంచనా వేశారు. సూర్యుడి లాంటి నక్షత్రం మేఘంలోంచి ఒక రూపానికి రావడానికే లక్షల ఏళ్లు పడుతుంది. అంటే వాటి పని పేలుడికి చాలా ముందే మొదలై ఉండాలి. ఆ పెద్ద నక్షత్రం బతికున్న రోజుల్లో దాన్నుంచి వీచిన గాలులే మేఘాన్ని నొక్కి ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తల ఆలోచన. పేలుడు మేఘాన్ని చెదరగొట్టేయనూ గలదు.

నా టైమ్‌స్టాంపులూ చూశాను. జగ్గయ్యపేటలో తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పింది నా ఆరేళ్లప్పుడు. ఎన్ని టిక్కీలు, క్వింటా ఎంత, కూలీలు పోను ఎంత మిగిలింది అని కళ్లంలో నాన్న నాతో లెక్కలు కట్టించింది ఐదో క్లాసులో. ఇంగ్లీష్ మీడియం ఫీజులన్నీ కట్టింది కూడా ఆ టిక్కీల డబ్బుతోనే. నన్ను చదివించింది పండిన మిరప. పోయిన మిరప వల్ల మా ఇంటికి మిగిలింది అప్పు.

కష్టం వస్తేనే మనిషి పైకొస్తాడని చెప్పడం వినడానికి బాగుంటుంది. కానీ క్రెడిట్ అంతా నష్టానికే ఇచ్చేస్తే, అంతకుముందు పదేళ్లు ఆ చేలో నీళ్లు కట్టిన మనిషికి ఏం మిగులుతుంది?